పట్టేసిన బేరింగు తీయబోయి యాక్సిల్ పాడుచేస్తే...

ప్రశ్న: మా బత్తాయి తోటలో వాడే మినీ ట్రాక్టరు ముందు చక్రం బేరింగు తుప్పుతో పట్టేసింది. వర్క్‌షాపులో పుల్లర్ వాడకుండా గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో కొట్టి ఊడదీశారు. కొత్త బేరింగులు వేసిన కొద్దిరోజులకే చక్రం ఊగుతోంది. స్టబ్ యాక్సిల్ దెబ్బతిన్నదని మరో మెకానిక్ అంటున్నాడు. వర్క్‌షాపు వాళ్లను అడిగితే ‘పాత బండి, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: తప్పకుండా వెళ్లవచ్చు. బండి ఎంత పాతదైనా, డబ్బు తీసుకుని చేసిన పనికి జవాబుదారీ తప్పదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నిర్లక్ష్యంగా చేసిన మరమ్మతు ‘సేవాలోపం’ కిందికి వస్తుంది. బాగుచేయమని అప్పగించిన వస్తువును, వివేకం ఉన్న మామూలు మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని కాంట్రాక్టు చట్టం, 1872లోని 151వ సెక్షన్ కూడా చెబుతోంది.

‘ట్రాక్టరు వ్యాపారానికి వాడేది’ అని అవతలివాళ్లు వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకునేది ‘వాణిజ్య ప్రయోజనం’ కాదని చట్టమే వివరణ ఇచ్చింది. సొంతంగా నడుపుకుని బతకడానికి ఆటో కొన్నవాడు కూడా వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. బేరింగు పట్టేయడం వర్క్‌షాపు తప్పు కాదు. గ్రీజు అయిపోయినా, ఆయిల్ సీల్ చిరిగి హబ్‌లోకి బురదనీళ్లు పోయినా ఏ బేరింగైనా తుప్పు పడుతుంది. అందుకే మీ ఫిర్యాదు ఊడదీసిన పద్ధతి మీద ఉండాలి. చక్రం విప్పించి, బేరింగు కూర్చునే చోట మంటకు నీలం తిరిగిన రంగు, సుత్తి దెబ్బల గుంటలు కనిపిస్తే తుడవకముందే దగ్గరగా ఫోటోలు తీయండి. రెండో మెకానిక్ అభిప్రాయాన్ని తేదీ, సంతకంతో రాయించుకోండి. తీసేసిన పాత బేరింగులు అడిగి తెచ్చుకోండి. బిల్లు ఇవ్వకపోతే అదీ అనుచిత వ్యాపార పద్ధతే. ఫోన్‌పేలో కట్టిన వివరం సైతం సాక్ష్యంగా పనికొస్తుంది.

ముందుగా, 15 రోజుల్లో పరిష్కరించాలని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ స్పందించకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మరమ్మతు డబ్బు వాపసు, కొత్త యాక్సిల్ ఖర్చు, నష్టపరిహారం కోరండి.

ఇకముందు బిల్లు విషయంలో పేచీ వచ్చి బండి ఆపేస్తే గొడవపడకండి. న్యాయంగా రావాల్సిన కూలి అందేదాకా బండిని అట్టిపెట్టుకునే హక్కు మెకానిక్‌కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తోంది. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, డబ్బు కట్టి బండి తెచ్చుకోండి. ఆ తర్వాత కేసు వేయవచ్చు.

ఊగే చక్రంతో బండిని తోటలోకి గానీ రోడ్డు మీదికి గానీ తీయవద్దు. కేసు తేలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఫోటోలు, రాతపూర్వక అభిప్రాయం చేతికొచ్చాక మరోచోట బాగుచేయించుకోండి. ఆ బిల్లును ఫిర్యాదుకు జతచేయండి.