నొప్పి లేదని ఊరుకోకండి: క్యాన్సర్ ముప్పు తగ్గడానికి చేయవలసినవి, చేయకూడనివి

నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం: ఈ మూడు చోట్ల వచ్చే క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకోవచ్చు. ఆ దశలో చాలామందికి నొప్పి ఉండదు. అక్కడే మోసపోతున్నాం.

చేయవలసినవి

• 30 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి పరీక్ష చేయించుకోండి. మగవారైనా నోరు చూపించుకోండి.

• ఎక్కడ చేస్తారో మీ ఊరి ఏఎన్‌ఎంను గానీ ఆశ కార్యకర్తను గానీ అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం.

• పొగాకు, వక్క అలవాటు ఉంటే నెలకోసారి వెలుతురులో అద్దం పెట్టుకుని నోరు చూసుకోండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం - వీటిలో ఏది ఉన్నా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

• ఇంట్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్లుంటే వాళ్ల అంగిలి తప్పక చూపించండి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఈ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. చుట్ట నిప్పు కొస నోట్లో ఉండటంతో వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి.

• రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఆ వారంలోనే చూపించుకోండి.

• ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే దాచకండి, చెప్పండి.

• గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య హెచ్‌పీవీ టీకా వేయించండి.

• పొగాకు మానలేకపోతుంటే 1800-112-356కు ఫోన్ చేయండి. ఉచితంగా సలహా ఇస్తారు.

• రోజూ నడవండి, బరువు పెరగనీయకండి.

చేయకూడనివి

• పొగాకు కలపలేదని వక్కపొడి నమలకండి. ఒట్టి వక్క కూడా నోటి క్యాన్సర్ తెస్తుంది.

• ఖైనీ దవడన పెట్టుకుని నిద్రపోకండి.

• పంటినొప్పికి మందని పొగాకు పెట్టకండి.

• మద్యం తాగకండి. పొగాకుకు అది తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

• టీకా వేయించుకున్నామని పరీక్ష మానకండి.

• ముక్క పరీక్షకు (బయాప్సీకి) భయపడకండి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది అబద్ధం. ఈ మాట నమ్మి ఆలస్యం చేస్తేనే ముదురుతుంది.

• తెల్లబట్ట అవుతోందని, క్యాన్సర్ వస్తుందేమోనని గర్భసంచి తీయించుకోకండి. ముందు గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్ పరీక్ష చేయించుకోండి, రెండో డాక్టరునూ అడగండి.

• కోతలయ్యాక, పెళ్లయ్యాక అంటూ ఇంట్లో ఆడవాళ్ల పరీక్షను వాయిదా వేయకండి.

• గడ్డల మీద పసరు కట్టకండి.

• ఖర్చుకు జంకి చికిత్స మధ్యలో ఆపకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి గానీ విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ వెళ్లి అడగండి.