మొజంజాహీ మార్కెట్: పండ్ల అంగళ్ల నుంచి ఐస్‌క్రీమ్ దాకా

హైదరాబాద్‌లోని ఈ రాతి కట్టడం 1935లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో పూర్తయింది. పేరు ఆయన రెండో కుమారుడు మొజం జాది. పెద్ద కుమారుడు ఆజం జా. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు మొజం జా అధ్యక్షుడిగా పనిచేశారు.

గ్రానైట్ గోడలు, కమానులు, కూడలికి ఎదురుగా గడియార స్తంభం, దానికి రెండు వైపులా రెక్కల్లా సాగే దుకాణాల వరుసలు. చూసి తీరాల్సిన పనితనం! ఒకప్పుడిది పండ్ల మార్కెట్. ఆ టోకు వ్యాపారం గడ్డిఅన్నారం తరలింది. ఇప్పుడు ఐస్‌క్రీమ్, అత్తరు దుకాణాలకు పేరు. పునరుద్ధరణ తర్వాత 2020 ఆగస్టులో తిరిగి తెరుచుకుంది.