గన్ను చేతికొచ్చాక ముడి పని ఏమవుతుంది?

సమస్య

ఏలూరులో తివాచీలు నేసే కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రి పక్కన కూర్చుని ముడి నేర్చుకున్న, ఏభై ఏళ్లు దాటిన ఒక నేతగారి లేఖ సారాంశం ఇది. కొంతకాలంగా ఆయన పనిలో ఎక్కువ భాగం టఫ్టింగ్ గన్‌తోనే సాగుతోంది. చట్రానికి బిగించిన గుడ్డలోకి ఉన్ని పోగులను కరెంటు సాయంతో వేగంగా గుచ్చే చేతియంత్రాన్ని ఈ పేరుతో పిలుస్తారు. పోగులు ఊడకుండా గుడ్డ వెనుక లేటెక్స్ జిగురు పూసి, దానిపై మరో గుడ్డ అంటిస్తారు. నమూనాలను తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతున్న కుమారుడు కంప్యూటర్‌లో గీసి పంపుతున్నాడు. నెల దాటే పని రోజుల్లో ముగుస్తోంది, కొల్లేరు చేపల చెరువుల రాబడితో కొత్త ఇళ్లు కట్టుకున్నవారి నుంచి ఆర్డర్లు వస్తున్నాయి, మోకాళ్ల నొప్పి కూడా తగ్గింది. అయినా తయారైన తివాచీని పరిచి చూసుకున్నప్పుడు పూర్వపు తృప్తి కలగడం లేదని, కష్టం తగ్గినందుకు సంతోషించలేకపోవడం కృతఘ్నత అవుతుందేమోనని ఆయన బాధపడుతున్నారు. సగం గది ఆక్రమించిన పాత మగ్గాన్ని అమ్మేయమని ఇంట్లోవారు అంటున్నారనీ, కుమారుడికి ముడి నేర్పడంలో ఇంకా అర్థం ఉందో లేదో తెలియడం లేదనీ రాశారు.

సలహా

ఇది కృతఘ్నత కాదు. అయితే తప్పంతా యంత్రానిదేనని తీర్మానించే ముందు, ఆ తృప్తి పనిలోని ఏ భాగం నుంచి పుట్టేదో విడదీసి చూడాలి. చేతిముడి తివాచీలో మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు పోగులకు ఉన్ని ముక్కలను ఒక్కొక్కటిగా ముడివేసి కోస్తారు, ఒక వరుస పూర్తికాగానే అడ్డంగా పేక దాటించి, పళ్లున్న ఇనుప పనిముట్టుతో కొట్టి బిగిస్తారు. చదరపు అంగుళానికి 60 ముడులున్న 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు తివాచీలో 2,07,360 ముడులుంటాయి. రోజుకు 6,000 చొప్పున వేసినా ఒక మనిషికి 35 రోజుల పని. వీటిలో అధికభాగం నేలరంగును నింపే ముడులు కావడం వల్ల వాటిని వేసే చేతికి నిర్ణయించవలసినదంటూ ఏమీ ఉండదు. ఆ శ్రమను, అది కళ్లకూ నడుముకూ మిగిల్చే నొప్పినీ కళ పేరుతో కీర్తించేవారు సాధారణంగా మగ్గం ముందు కూర్చోనివారే.

ఈ వృత్తిని సులభం చేసిన మార్పుల్లో ఇది మొదటిదీ కాదు. 1856లో విలియం పెర్కిన్ తొలి కృత్రిమ రంగును కనుగొన్న తరువాత వచ్చిన అనిలిన్ రంగులు, అంటే బొగ్గు తారు నుంచి తీసిన రసాయన రంగులు, వేళ్లనూ ఆకులనూ ఉడికించి రంగు తీసే పనిని బాగా కుదించాయి. భారతీయ కళాపరిశ్రమలపై 1880లో గ్రంథం ప్రచురించిన జార్జ్ బర్డ్‌వుడ్, జైళ్లలో ఖైదీలచేత నేయించిన చవక తివాచీలూ, ఇంగ్లీషు కొనుగోలుదారుల గిరాకీ కలిసి ఈ దేశపు తివాచీ నేతను దిగజార్చాయని ఆక్షేపించాడు. ఇక కాశ్మీరులో ‘తాలీం’ అనే పద్ధతి ఉంది: ఏ రంగు ముడులు ఎన్ని వేయాలో సంకేతాల్లో రాసిన కాగితాన్ని చదువుకుంటూ, లేదా ఒకరు చదువుతుండగా వింటూ, నేతగాళ్లు ముడులు వేస్తారు. నమూనా ఒకరిది, ముడి మరొకరిది అన్న విభజన కంప్యూటర్ కంటే ఎంతో పాతదన్నమాట. కుమారుడు గీసిన నమూనా తన పనిని లాక్కుందన్న భావన కొంతమేరకే నిజం.

బ్రిటన్‌కు చెందిన వడ్రంగి కళాకారుడు, అధ్యాపకుడు డేవిడ్ పై 1968లో ప్రచురించిన తన గ్రంథంలో పనితనాన్ని రెండు రకాలుగా చూశాడు. ఫలితం చివరిదాకా పనివాడి చేయి, చూపు, శ్రద్ధ మీద ఆధారపడి, ఏ క్షణంలోనైనా చెడిపోగల పని మొదటిది. పని మొదలుకాకముందే ఫలితం ఖాయమైపోయిన పని రెండవది. పనిముట్టు చేతితో నడిచేదా, కరెంటుతో నడిచేదా అన్నది ఈ తేడాను నిర్ణయించదు. ఈ దృష్టితో చూస్తే టఫ్టింగ్ గన్ కూడా మొదటి రకానికే చెందుతుంది: ఒత్తిడి సడలితే పోగు నిలవదు, వేగం మారితే ఒత్తుదనం మారుతుంది, మణికట్టు వణికితే గీత వంకరపోతుంది. ఆయన కోల్పోయినది నైపుణ్యం కాదు, బహుశా మరొకటి. గన్‌ను గుడ్డ వెనుకవైపు నుంచి నడుపుతారు, నమూనాను కూడా తిప్పి గీసుకోవాలి. మగ్గం మీద పువ్వు వరుసవరుసగా నేతగాడి కళ్లెదుటే ఎదిగితే, ఇక్కడ అది అవతలి ముఖాన, చూడని చోట తయారవుతుంది. తృప్తి తగ్గడానికి ఇంత మామూలు కారణం ఉండవచ్చునని ఎవరూ ఊహించరు. చట్రానికి అవతల ఒక పెద్ద అద్దం నిలబెట్టడం, ప్రతి భాగం ముగియగానే ముందువైపుకు వెళ్లి చూసి అక్కడికక్కడే కత్తిరింపు సరిచేయడం తేలికగా చేసి చూడదగిన మార్పులు.

నిర్ణయాలు దట్టంగా ఉండే చోటు మాత్రం ఇంకా ముడే. చదరపు అంగుళానికి 60 ముడులంటే ఒక అంగుళం పొడవులో ఎనిమిదికి మించవు కనుక, తెరపై నునుపుగా తిరిగిన తీగ మగ్గం మీద మెట్లుమెట్లుగా దిగుతుంది. ఏ మెట్టు దగ్గర ఒక ముడిని పక్కకు జరపాలో, ఎక్కడ నడిమి ఛాయ ముడి ఒక్కటి పడితే నిలబడి చూసే కంటికి అది వంపుగా తోస్తుందో సాఫ్ట్‌వేర్ లెక్క కొంతవరకే చెప్పగలదు. ఉన్ని కత్తిరించాక ఎంత విచ్చుకుంటుందో అది ముట్టుకుని చూడలేదు. ఒకే అంకెతో గుర్తించిన ఎరుపు రెండు బానల్లో రెండు ఛాయలుగా దిగినప్పుడు, ఆ తేడాను దాచాలా, చారలుగా కనబడనిచ్చి అందంగా మలచాలా అన్నది కూడా మనిషే తేల్చుకోవాలి.

పోయినదాంట్లో ఒక భాగం తిరిగి రాదు. కొద్దిమందికే వచ్చిన విద్య తనకు వచ్చునన్న గౌరవం, ఆ పనికి దగ్గరగా కనిపించే వస్తువును అనేకులు చేయగలిగిన నాడు పలచబడుతుంది, దానికి సలహా ఏదీ లేదు. అలాగని యంత్రం రాకపోతే గౌరవం నిలిచేదన్నదీ భ్రమే. నరసాపురం ప్రాంతపు స్త్రీలు సూదికొక్కెంతో అల్లే క్రోషే లేసును చేయి అల్లినట్టే అల్లే యంత్రం మార్కెట్‌లోకి రాలేదు. అయినా ఆ స్త్రీలకు దక్కే కూలి ఎంత స్వల్పమో మరియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనంలో వివరంగా చూపింది.

కనుక మగ్గాన్ని అమ్మకపోవడమే మేలు, అయితే దాని మీద జీవనాధారం మోపకూడదు. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు తివాచీకి 51,840 ముడులు కావాలి. ఉదయం రెండు గంటల్లో 1,500 వేయగలిగితే దానికీ 35 రోజులే. నేలరంగు తక్కువ, తీగలు ఎక్కువ ఉన్న నమూనా ఎంచుకుంటే ఆ రెండు గంటలూ నిర్ణయాలతోనే గడుస్తాయి. గన్‌తో చేసినదాన్ని ఏనాడూ చేతిముడి పేరుతో అమ్మకూడదు. లేటెక్స్ కొన్నేళ్లకు ఎండి పొడిరాలుతుంది, ముడి తివాచీ తరాలు నిలుస్తుంది. ధరలోని తేడాకు కారణం ఇదేనని తివాచీ వెనుకవైపు తిప్పి చూపించి కొనేవారికి చెప్పాలి.

కుమారుడికి ముడి నేర్పాలి, కానీ వారసత్వం పేరుతో కాదు. అతడు చదరపు అడుగు నమూనా ఒకటి తానే గీసి, తానే నేయాలి. అందులో 8,640 ముడులుంటాయి. కొత్త చేతికి సంక్రాంతి సెలవులు చాలవు, వేసవి సెలవులు సరిపోతాయి.