ఆటగాడు రాకపోతే పాత్రనేం చెయ్యాలి?

దుబాయిలో మేం ఐదుగురు మిత్రులం సరదాగా నడిపే చిన్న ఆన్‌లైన్ ఆటకి ప్రోగ్రాం రాసింది నేనే. 30 రోజులు లాగిన్ కాకపోతే పాత్ర దానంతటదే చెరిగిపోయేలా నియమం పెట్టాను. ఇక్కడి కార్మిక చట్టం ఇచ్చే సాలీనా సెలవు కూడా 30 రోజులే! ఊరెళ్ళి, నాన్నగారికి ఆపరేషన్ చేయించి 40వ రోజున వచ్చిన మిత్రుడికి రెండేళ్ళ ఆట మాయమైపోయింది. బ్యాకప్ లేదు.

మరి పెద్ద ఆటలేం చేస్తాయి? ఫైనల్ ఫాంటసీ 14లో స్థలాలు తక్కువ కనుక, 45 రోజులు అడుగుపెట్టని ఇంటిని కూల్చేస్తారు. పాత్ర జోలికి పోరు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2014లో, 2010 డిసెంబరు నుంచి రానివారి పాత్రల పేర్లను మాత్రమే ఇతరులకు వదిలింది. అంటే కొరత ఉన్నదాన్నే వెనక్కి తీసుకోవాలన్నమాట.

పైగా, రాకపోవడం అన్నిసార్లూ నిర్లక్ష్యం కాదు. 2008 ఫిబ్రవరి 1న దుబాయి దగ్గర సముద్రంలో ఫాల్కన్ కేబుల్ తెగి ఇంటర్నెట్ కుంటుపడింది. అలాంటి రోజుల్ని లెక్కలోంచి తీసెయ్యాలి.

ఇప్పుడు నా డేటాబేస్‌లో చెరపడం లేదు, 'నిద్ర' అనే గడి ఉంది. 30 రోజులకి ఈమెయిల్, 90 రోజులకి నిద్ర, లాగిన్ అవగానే మెలకువ. మిత్రుడు మాత్రం మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాడు. మీరు డిలీట్ అని రాసేముందు అతన్ని ఒకసారి తలుచుకోండి.