మెసేజ్ చెరిపేశారా? కంప్యూటర్ ఆపకండి

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో, పత్తి జిన్నింగ్ మిల్లుల ఆఫీసుల్లో రేటూ, టిక్కీల లెక్కా, బ్యాంకు ఖాతా నంబరూ కంప్యూటర్లో తెరిచిన వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. ఎవడో తప్పుడు ఖాతా నంబరు పంపి, డబ్బు పడగానే ఆ మెసేజ్ చెరిపేశాడనుకోండి. కంగారులో చాలామంది కంప్యూటర్ ఆపేసి మళ్లీ వేస్తారు. సాక్ష్యం పోయేది అక్కడే.

వాట్సాప్ మెసేజ్ గుప్తలిపిలో వస్తుంది. తెర మీద చదవాలంటే దాన్ని విప్పాలి కదా, విప్పిన ఆ మాటలు కంప్యూటర్ తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌లో ఉంటాయి. తెర మీంచి పోయినా, ఆ చోటులోకి వేరే సమాచారం వచ్చేదాకా ముక్కలుగానైనా మిగిలి ఉండొచ్చు. ఫేస్‌బుక్ చాట్ కూడా అంతే. కరెంటు తీస్తే ర్యామ్‌లో ఏమీ మిగలదు.

ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, డబ్బు చేతులు మారకముందే ఆగాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తియ్యకండి. బ్రౌజర్ మూయకండి, కొత్తవేవీ తెరవకండి. తెరను ఫోన్‌తో ఫొటో తీసి, టైము కాగితం మీద రాయండి. ఎవరో దూరం నుంచి మీ కంప్యూటర్ నడుపుతున్నారని అనుమానమొస్తే నెట్ కేబుల్ పీకండి, కరెంటు వైరు జోలికి పోకండి.

కంప్యూటర్లు బాగుచేసే తమ్ముళ్లకు ఒక మాట. కేసు పోలీసుల చేతికి వెళ్లాక మీరు ముట్టుకోవద్దు. అంతకుముందే యజమాని అడిగితే, ర్యామ్ కాపీ తీసే ఎఫ్‌టీకే ఇమేజర్ ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడపండి, ఆ కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చెయ్యొద్దు. కాపీ కూడా బయటి డిస్కులోకే తియ్యండి. ఫ్యాట్32 డిస్కులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, 16 జీబీ ర్యామ్ కాపీ మధ్యలోనే ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు తీసుకెళ్లండి. కాపీ అవగానే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి రాసిపెట్టండి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. మెసేజ్‌ల కోసం వెతకడం వాలటిలిటీ లాంటి సాధనంతో తర్వాత తీరిగ్గా చెయ్యొచ్చు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఈ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం కంప్యూటర్ బాధ్యత చూసే మనిషిది, రెండోది నిపుణుడిది. హ్యాష్ విలువ అందులో రాయాలి. కొట్లో కంప్యూటర్ చూసేది గుమస్తాయే కాబట్టి ఆ కాగితం గుమస్తాలైన మీ ముందుకే రావొచ్చు. మీరు రాసుకున్న టైముతో, కాపీ తీసినప్పుడు రాసిపెట్టిన హ్యాష్‌తో సరిచూసుకోండి. తేడా కనిపిస్తే ఎవరు తొందరపెట్టినా సంతకం పెట్టకండి.