ఒక్క మాట అడగండి

సికింద్రాబాదు పేరు మీరు వినే ఉంటారు. ఈ ఊరు 1806లో ఏర్పడింది. నిజాం సికందర్ జా పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. పాతవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అంటారు. లష్కర్ అంటే సైన్యం. లష్కర్ బోనాలు అని మనం అంటాం కదా!

తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్, సైనిక్‌పురి. ఈ చోట్లలో మాజీ సైనికుల ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి కథ ఇది.

నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"అక్కా, మొఖం గట్ల గుంజుకుపోయింది. ఏమైంది?"

"ఏం జెప్పాలె చెల్లె! మీ బావ రాత్రి నిద్ర పోతలేడు. పటాకుల చప్పుడైతే ఉలిక్కిపడి లేస్తడు. ఎవరితోని మాట్లాడడు. మొన్న బ్యాంకు పుస్తకం నా చేతిల పెట్టిండు. నేను లేకున్నా నువ్వు బతకాలె అన్నడు."

"తాగి అన్నడేమో అక్కా."

"తాగలేదు. అందుకే నాకు భయమైతుంది."

ఆమె భయం నిజమైనదే. సిపాయికి 15 ఏళ్ళ సర్వీసు ఉంటే పెన్షను వస్తుంది. చాలామంది 40 ఏళ్ళు నిండకుండానే ఇంటికి వస్తారు. అప్పటిదాకా బూటు, బిగిలు, పక్కన తోటివాళ్ళు. ఇంటికి వచ్చాక అవేవీ ఉండవు. పిల్లలు తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తారు. కొందరికి సరిహద్దులో చూసినవి కలలోకి వస్తాయి. ధైర్యం గల మనిషికి దిగులేమిటి అని మనం అనుకుంటాం. ఆ మాటకు జడిసే ఆయన నోరు విప్పడు. దెబ్బ తగిలితే కట్టు కడతాం. మనసుకు తగిలిన దెబ్బ పైకి కనపడదు. అయినా అది జబ్బే. దానికి మందు ఉంది.

ఏం చెయ్యాలి? ముందు అడగాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే గుండె బరువు దిగుతుంది. ఆయన చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి. తిట్టకూడదు, ఒట్లు వేయించుకోకూడదు. ఇంట్లో తుపాకీ, పురుగుమందు, ఎక్కువ మాత్రలు ఉంటే వేరే చోటికి మార్చాలి. ఆయనను ఒంటరిగా వదలకూడదు.

తరువాత ఫోను చెయ్యాలి. 14416. ఇది ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు. 2022లో మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చు. భార్య కూడా చెయ్యవచ్చు. సికింద్రాబాదులోనే రోష్ని అనే సంస్థ ఉంది. 1997 నుంచి అక్కడ స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు ఫోనులో ఇతరుల బాధ వింటున్నారు. పెన్షను తీసుకునే సైనికులకు ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం 2003 నుంచి ఉంది. అందులో చేరినవారి భార్యకూ వైద్యం దొరుకుతుంది. ఎర్రగడ్డలో మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడికి పోతే పిచ్చి అంటారని వెనకాడవద్దు. అనేవాళ్ళు మన ఇంటికి వచ్చి దీపం పెట్టరు.

పోలీసు కేసు అవుతుందా? ఇదివరకు ఆత్మహత్యకు ప్రయత్నించిన వాళ్ళకు ఏడాది దాకా జైలు అని చట్టం ఉండేది. 2017లో కొత్త చట్టం చేశారు. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, సర్కారు వైద్యం చేయించాలి అని అందులో రాశారు.

ఇక డబ్బు సంగతి. డిసెంబరు 7న పిల్లలు చిన్న జెండాలు తెచ్చి చందా అడుగుతారు. అది సాయుధ దళాల జెండా దినం. 1949 నుంచి జరుగుతోంది. ఆ సొమ్ము మాజీ సైనికులకు, చనిపోయిన సైనికుల కుటుంబాలకు పోతుంది. మనం జెండా గుచ్చుకుంటాం. సాయంత్రానికి అది రాలిపోతుంది. పక్కింటి సైనికుణ్ణి పలకరించాలని మాత్రం తోచదు.

అమెరికాలో ఇంకో పద్ధతి ఉంది. ఆత్మహత్యలు ఆపడానికి జనం నడిచి చందాలు పోగు చేస్తారు. 2002లో ఒక నడక సాయంత్రం మొదలై తెల్లవారేదాకా సాగింది. తమవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు అందులో నడిచారు. "నేను నడుస్తాను, మీరు చందా ఇవ్వండి" అని ఇరుగుపొరుగును అడగడమే ఆ పద్ధతి.

మన పొదుపు సంఘాలు ఆ పని చెయ్యలేవా? తిరుమలగిరి నుంచి పరేడ్ గ్రౌండ్ దగ్గరి సైనిక స్మారకం దాకా ఒక ఆదివారం పొద్దున్నే నడవవచ్చు. పోలీసులకు ముందే చెప్పాలి. వచ్చిన ప్రతి రూపాయీ పుస్తకంలో రాయాలి. ఇచ్చినవాళ్ళకు రసీదు ఇవ్వాలి. ఎవరికి ఇచ్చామో వారి దగ్గర మనమూ రసీదు తీసుకోవాలి. మీకిప్పుడు చదువు వచ్చింది. లెక్క మీరే రాయండి.

నల్లా దగ్గరి అక్క ఆ రాత్రి భర్తను అడిగింది. ఆయన చాలాసేపు గోడకేసి చూశాడు. తరువాత ఏడ్చాడు. పెండ్లయిన పద్దెనిమిదేండ్లలో ఆయన ఏడవడం ఆమె అదే మొదటిసారి చూసింది. పొద్దున్నే ఇద్దరూ కలిసి ఆసుపత్రికి బస్సెక్కారు.

చెప్పండి:
1. బ్యాంకు పుస్తకం చేతిలో పెట్టినప్పుడు అక్క ఎందుకు భయపడింది?
2. మీ వీధిలో మాజీ సైనికులు ఎవరు ఉన్నారు? వారి ఇంటికి మీరు ఎప్పుడు వెళ్ళారు?

చూసి రాయండి. తలుపు వెనక కూడా రాసి పెట్టుకోండి:
14416