సేవకు ముందు టీకాలు

రోగులకు సేవ చేయవలెనను కోరిక ఉత్తమమైనది. కోల్‌కతాలోని కాళీఘాట్‌లో మదర్ థెరెసా 1952లో నెలకొల్పిన నిర్మల్ హృదయ్ వంటి ఆశ్రమములకు దేశవిదేశముల నుండి యువతీయువకులు స్వచ్ఛంద సేవకులుగా వచ్చుచుందురు. రోగులకు స్నానము చేయించుట, అన్నము తినిపించుట, పక్కగుడ్డలు ఉతుకుట మున్నగునవి వారి పనులు. మన ప్రాంతములలోని విద్యార్థులు ఇట్టి సేవకు పూనుకొన్నచో, రైలు టిక్కెట్టు కొనుటకు చాల ముందుగనే టీకాల విషయము ఆలోచించవలెను.

టీకా ఎవరి కొరకు?

టీకా తన కొరకే అని చాలమంది తలంతురు. ఇది సగము నిజము మాత్రమే. ఆరోగ్యవంతుడైన యువకునకు నాలుగు దినములలో తగ్గిపోవు జ్వరము, మంచము పట్టిన వృద్ధునకు ప్రాణాంతకము కావచ్చును. సేవకుడు తెలియకయే రోగము మోసికొని పోవును.

ఈ సత్యమునకు కోల్‌కతా నగరమే సాక్ష్యము. 2004లో ఆ నగరపు తూర్పు భాగమునందలి బస్తీలలో టైఫాయిడ్ టీకాను పరీక్షించిరి. టీకా వేసికొన్నవారికి రెండేండ్లలో నూటికి 61 పాళ్ళు రక్షణ కలిగినది. అంతేకాదు, అదే బస్తీలలో టీకా వేసికొనని ఇరుగుపొరుగు వారికి సైతము నూటికి 44 పాళ్ళు రక్షణ లభించినది. ఒకరి టీకా పదిమందికి కంచె యగునని దీనివలన తెలియుచున్నది.

చూచుకొనవలసిన టీకాలు

1. హెపటైటిస్ బి: కాలేయమును చెరచి కామెర్లు కలిగించు ఈ వ్యాధి రక్తము ద్వారా వ్యాపించును. దీని సూక్ష్మక్రిమి ఎండిన రక్తపు మరకలో సైతము ఏడు దినములు బ్రతికియుండగలదు. రోగి రక్తము అంటిన సూది గుచ్చుకొన్నచో, టీకా లేనివారిలో నూటికి 6 నుండి 30 మందికి ఇది సోకవచ్చును. ఎయిడ్స్ క్రిమి విషయములో ఇట్టి ప్రమాదము వేయింటికి సుమారు మూడు మాత్రమే. సేవకుడు సూదిమందు ఇయ్యకపోయినను, ఉతుకు గుడ్డలలోను, చెత్తలోను సూదులు దాగియుండవచ్చును. శిశువులకు ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమములో 2002లో కొన్నిచోట్ల మొదలై, 2011 నాటికి దేశమంతట వ్యాపించినది. కావున నేటి యువకులలో పలువురకు బాల్యమున అందియుండకపోవచ్చును. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దీనిని స్వదేశములోనే తయారుచేసిన పిదప ధర తగ్గి సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది.

2. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా: ఈ మూడింటికి ఒకే టీకా కలదు. కనీసము 28 దినముల ఎడముతో రెండు మోతాదులు వేయించుకొనవలెను. తట్టు రోగి గదిని విడిచిపోయిన రెండు గంటల వరకు గాలిలో దాని క్రిమి ఉండగలదు.

3. ఆటలమ్మ: ఉష్ణదేశములలో బాల్యమున ఇది సోకక పెద్దవారైనవారు అనేకులు కలరు. పెద్దవారికి సోకినచో బాధ మిక్కుటము. పూర్వము రానివారు రెండు మోతాదులు వేయించుకొనవలెను.

4. ధనుర్వాతము, కంఠసర్పి: పదేండ్లకొకసారి మోతాదు అవసరము. ఒకమారైనను కోరింతదగ్గు మందు కలిసిన టీకా తీసికొనుట మేలు.

5. ఇన్‌ఫ్లుయెంజా: ఏటేటా వేయించుకొనవలెను. కోల్‌కతాలో ఇది వానకాలమున అధికమగును గనుక అంతకు ముందే తీసికొనవలెను. కోవిడ్ టీకా విషయమున వైద్యుని సలహా పాటించవలెను.

6. టైఫాయిడ్: కలుషితమైన నీరు, ఆహారము ద్వారా వచ్చును. హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కొత్తరకపు టీకా ఒక్క మోతాదు చాలును. అయినను కాచిన నీటిని మానరాదు.

ఎప్పుడు మొదలిడవలెను?

ఆరు మాసముల ముందు. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు: మొదటిదైన ఒక మాసమునకు రెండవది, ఆరవ మాసమున మూడవది. అటుపిమ్మట ఒకటి రెండు మాసములకు రక్తపరీక్ష చేయించుకొనవలెను. మిల్లీలీటరునకు 10 మిల్లీ యూనిట్లు లేక అంతకు మించి రక్షకశక్తి ఉన్నచో టీకా పనిచేసినట్లు. లేనిచో మరల టీకాలు వేయుదురు. వ్యవధి తక్కువగా ఉన్నవారు వైద్యునకు ఆ సంగతి తెలుపవలెను. బాల్యపు టీకా కార్డును వెదకి వెంట తీసికొనిపోవలెను.

తట్టు, ఆటలమ్మ టీకాలు బలహీనపరచిన సజీవ క్రిములతో చేసినవి. ఆ రెంటిని ఒకేదినమున గాని, నాలుగు వారముల ఎడముతో గాని తీసికొనవలెను. గర్భిణులకు, రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారికి ఇవి కూడవు.

టీకా కాపాడలేనివి

హెపటైటిస్ సి, ఎయిడ్స్ వ్యాధులకు టీకా లేదు. శిశువులకు వేయు బి.సి.జి. టీకా పెద్దవారిని ఊపిరితిత్తుల క్షయనుండి కాపాడదని 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన దీర్ఘపరిశోధన తెల్పినది. కావున దగ్గుచున్న రోగి వద్ద తగిన ముసుగు ధరించుట, కిటికీలు తెరచియుంచుట, చేతులు సబ్బుతో కడుగుకొనుట మానరాదు. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో పరీక్ష చేయించుకొనవలెను.

సూది గుచ్చుకొన్నచో గాయమును పిండరాదు, నోట పెట్టుకొనరాదు. సబ్బుతోను నీటితోను కడిగి, వెంటనే అధికారికి తెల్పవలెను. ఎయిడ్స్ నివారణ మందును రెండు గంటలలోపల మొదలిడుట శ్రేష్ఠము. 72 గంటలు దాటరాదు. సిగ్గుతోనో, భయముతోనో దాచుట అపాయకరము.

జ్వరముగాని, దగ్గుగాని, విరేచనములుగాని ఉన్న దినమున సేవకు పోకుండుటయు సేవయే. దుర్బలుని మంచము చెంత కూర్చుండువాడు శుభ్రమైన చేతులతో పోయినట్లే, టీకాల రక్షణతో కూడ పోవలెను. ఈ దినమే మీ సమీపపు ఆరోగ్య కేంద్రమునకు పోయి, మీ కార్డు చూపించి, మొదటి మోతాదు వేయించుకొనుడు.